ఉడకని పులస, కొట్టేసిన బిల్లు

ఈ రెస్టారెంట్ పేరు రాయడం లేదు. ఆ రోజు జరిగినదాని గురించి వాళ్లూ మేమూ గల్లాపెట్టె దగ్గరే మాట్లాడుకుని లెక్క తేల్చుకున్నాం. తేల్చుకున్నాక ఇంటికొచ్చి పేరు పెట్టి ఎండగడితే మాట తప్పినట్టే. కోనసీమలో గోదావరి గట్టుకి ఆనుకుని, కొబ్బరితోటలో ఉంటుంది. పది పన్నెండు టేబుళ్లు. నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి ఆషాఢం చివరి ఆదివారం, రెండోసారి వినాయక చవితి వెళ్లిన వారానికి. ఈ రెండింటి మధ్య జరిగింది కూడా రివ్యూలో భాగమే అనుకుంటున్నాను, ఎందుకంటే భోజనం బాగోనప్పుడు హోటల్ వాళ్లు ఇస్తామన్నది ఎంత పుచ్చుకోవాలి, ఎంత వద్దనాలి అన్నది మా ఇంట్లో చాలా పెద్ద చర్చయింది.

మాది నరసాపురం. నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా నాన్నగారు బస్టాండు దగ్గర ఇరవై ఆరేళ్లు భోజన హోటల్ నడిపారు. ఇప్పుడు ఆయనకి ఎనభై ఒకటి. హైదరాబాద్ నుంచి అక్కా బావగారూ, కొత్తగా పెళ్లయిన మేనకోడలూ వచ్చారు. పిల్లకి తొలి ఆషాఢం, పుట్టింట్లో ఉంది. దానికి తాతగారితో కూర్చుని పులస తినాలని కోరిక. శ్రావణం వస్తే మా ఇంట్లో నెలంతా నీచు ముట్టుకోరు. ఆ ఆదివారం తప్పితే మళ్లీ భాద్రపదమే. మామూలుగా అయితే సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్లు కూడా ఎక్కే పెద్ద పడవ, ఎక్కి గోదావరి దాటేవాళ్లం. వరద పోటుకి పంటు ఆపేశారు కాబట్టి పాలకొల్లు మీదుగా, చించినాడ వంతెన మీద నుంచి చుట్టూ తిరిగి వెళ్లాం. రెండు కార్లు, ఏడుగురం. కింద ఎర్రనీరు సుడులు తిరుగుతుంటే నాన్నగారు అద్దం దించి చాలాసేపు చూశారు.

పులస సంగతి ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం: ఇది సముద్రపు చేప. సముద్రంలో ఉన్నంతవరకు విలస. వరద వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది, ఆ తీపినీటిలో ఈదాకే దానికి ఆ రుచి, ఆ పేరు. ధవళేశ్వరం ఆనకట్ట దాకా దొరుకుతుంది, అదీ వరద నెలల్లోనే. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత ధర చూసి పుట్టిందే. దీన్ని వండటం మాత్రం తొందరపడే పని కాదు. మట్టి దాకలో, చింతపండు పులుసు బాగా మరిగాక, మంట తగ్గించి, బెండకాయలు, పచ్చిమిరపకాయలు వేసి, గరిటె పెట్టకుండా దాకనే అటూ ఇటూ కదుపుతూ ఉంచాలి. చివర్లో కొత్తావకాయ మీది నూనె ఓ రెండు చెంచాలు పడితే మా ఇంట్లో అదే పండగ. పొద్దున్న వండింది రాత్రికి, రాత్రి వండింది మర్నాటికి బాగుంటుంది. అందుకే ముందుగా ఫోన్ చేసి చెప్పాను. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి.

మేం వెళ్లేసరికి ఒంటిగంట. టేబుల్ ఖాళీ లేదు. ఫోన్ చేసి చెప్పామండీ అంటే కుర్రాడు కంగారుగా లోపలికి పరిగెత్తి వచ్చి, "పది నిమిషాలు కూర్చోండి, చూస్తాను" అన్నాడు. నలభై నిమిషాలయింది. నాన్నగారికి షుగర్ కాబట్టి టెన్షన్ మొదలైంది. అడగ్గానే ఆయన ఒక్కరికీ ఇంత పప్పన్నం ముందు తెచ్చిపెట్టారు, ఆ మాట మర్చిపోకూడదు.

వచ్చినవాటిలో మంచివి ముందు చెబుతాను. అమ్మ ఆదివారం నీచు తినదు. ఆమెకి తెచ్చిన కంద బచ్చలి కూర ఆవపెట్టి చేసింది, ఘాటు ముక్కుకి అంటింది. మా అమ్మ ఇంకొకళ్ల చేతి కంద బచ్చలిని మెచ్చుకోగా నేను వినడం అదే మొదటిసారి. రొయ్యల వేపుడులో కరివేపాకు కరకరలాడుతూ ఉంది, రొయ్య సాగలేదు. కోడి పలావు మామూలు. పెరుగు చాకుతో కోసేంత గడ్డగా ఉంది.

పులుసు రెండు గిన్నెలు, గిన్నెకి మూడు ముక్కలు. పైన పొగలు వస్తున్నాయి. నాన్నగారు ముక్క విరిచి, వేలితో వెన్నుముల్లు దగ్గర నొక్కి చూశారు. లోపల చల్లగా ఉంది. ముల్లు పక్కన ఇంకా ఎరుపు పోలేదు. పులుసు నాలిక మీద వేసుకుంటే చింతపండు పచ్చివాసన, మరగలేదు. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన చేప పూర్తిగా కరగకముందే దాకలో వేశారని ఆయనకి అర్థమైపోయింది. "ఎవరూ తినకండి, చెయ్యి ఆపండి" అన్నారు. అప్పటికి ఆకలి మీదున్న బావగారు ఒక ముక్క పూర్తిచేసేశారు. మిగతా అయిదు ముక్కలూ అలాగే ఉండిపోయాయి. మేనకోడలు గిన్నెకేసి చూస్తూ కూర్చుంది గానీ ఒక్క మాట అనలేదు.

బావగారు ఫోన్ తీసి గిన్నె వీడియో తీయబోయారు. నాన్నగారు చెయ్యి అడ్డం పెట్టి, "అల్లుడుగారూ, ముందు వాళ్లకి చెబుదాం. వాళ్లు వినకపోతే అప్పుడు తీద్దురు గాని" అన్నారు. ఆయన హోటల్లో గల్లాపెట్టె వెనక ఇరవై ఆరేళ్లు నేర్చుకున్నది ఇదే. బియ్యంలో రాయి తగిలిందనో, కూరలో వెంట్రుక వచ్చిందనో ముద్ద ఆపి చెప్పినవాళ్లకి ఆకు తీయించి, కొత్త ఆకు వేయించి, డబ్బు పుచ్చుకునేవారు కాదు. పప్పు, కూర, పులుసు మూడేసిసార్లు వడ్డించుకుని, పెరుగన్నం దాకా వచ్చి, చెయ్యి కడుక్కుని, గల్లా దగ్గర "సాంబారు పులిసిందండీ" అన్నవాళ్ల దగ్గర మొత్తం డబ్బు తీసుకునేవారు. పంటు మీద పనిచేసే ఒకాయన సంగతి ఇప్పటికీ చెబుతారు. కూరలో వెంట్రుక వచ్చిందని సగం భోజనంలో లేచిపోయాడు. నాన్నగారు డబ్బు వద్దన్నారు. ఆయన మర్నాడు వచ్చి, తిన్న సగానికి ఆరు రూపాయలు గల్లా మీద పెట్టి, మళ్లీ కూర్చుని భోంచేశాడట.

సరే, నేనొక్కణ్ణే కౌంటరు దగ్గరికి వెళ్లాను. నలుగురూ వెళ్లి చుట్టుముడితే అవతలివాడు భయానికి ఏదో ఒకటి ఒప్పుకుంటాడు, లేదా మొండికేస్తాడు. విరిచిన ముక్కని చిన్న ప్లేటులో పెట్టి తీసుకెళ్లి, పక్క టేబుల్ వాళ్లకి వినపడకుండా చెప్పాను. యజమాని అప్పుడే యానాం నుంచి చేపలు తీసుకుని వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. కువైట్‌లో పదకొండేళ్లు వంట చేసి వచ్చి పెట్టుకున్న హోటలని తర్వాత తెలిసింది. ముక్క చూశాడు, వాసన చూశాడు. ముఖం మాడిపోయింది. "ఆయ్, తప్పేనండి, ఇది ఇలా బయటికి రాకూడదండి" అన్నాడు. వాదించలేదు. ఆ ఒక్క మాటతో నా కోపం సగం తగ్గింది.

తర్వాత ఆయన ఇస్తానన్నవి ఇవి: బిల్లు మొత్తం కొట్టేస్తాడు. మళ్లీ వచ్చినప్పుడు వాడుకోవడానికి వెయ్యి రూపాయల కూపను ఇస్తాడు, ముప్పై రోజుల గడువు. పక్కనున్న మేనేజరు ఇంకో మాట కలిపాడు, "గూగుల్‌లో అయిదు స్టార్లు పెట్టేయండి సార్, ఇక్కడే పెట్టేస్తే మాకు సంతోషం."

బిల్లు 6,825 రూపాయలు. పులుసు రెండు గిన్నెలు 4,200. రొయ్యల వేపుడు రెండు 640, కోడి పలావు రెండు 580, అయిదు భోజనాలు 900, కంద బచ్చలి 180. మొత్తం 6,500, దాని మీద అయిదు శాతం జీఎస్టీ 325. సర్వీస్ చార్జీ వేయలేదు. వేయకూడదు కూడా. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం బిల్లులో దాన్ని తమంతట తాము కలపడానికి వీల్లేదు, ఇష్టమైతేనే ఇవ్వాలి. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలు సరైనవేనంది. హైదరాబాద్‌లో ఒకచోట బావగారు ఈ మాట చెప్పి చార్జీ తీయించారు. అది నష్టపరిహారం కిందికి రాదు, మన డబ్బు మనం ఉంచుకోవడమే, అందులో మొహమాటం అక్కర్లేదు.

ఆ రోజు నాకు మొహమాటంగా అనిపించింది మిగతా 2,300 గురించి. రొయ్యలు తిన్నాం, పలావు తిన్నాం, అమ్మ కూర అడిగి మరీ రెండోసారి వేయించుకుంది. అవన్నీ బాగున్నాయి. వాటి డబ్బు ఎందుకు వదులుకోవాలి ఆయన? టేబుల్ దగ్గరికి వచ్చి చెబితే బావగారు ఒప్పుకోలేదు. "ఆయనే ఇస్తానంటుంటే నీకెందుకు బావా? చుట్టూ తిరిగి వచ్చాం, పెట్రోలు పోసుకున్నాం, నెలలో మిగిలిన ఒక్క రోజు పోయింది, మావయ్యగారిని నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. వీటికి ఖరీదు లేదా?" ఆ మాటలో న్యాయం ఉంది. పోయిన రోజుకి ఖరీదు ఉంటుంది. అక్క కూడా ఆయన వైపే.

నేను మళ్లీ కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగాను, అసలు ఇలా ఎందుకైందని. యజమాని ఆర్డర్ల డైరీ తీశాడు. మా పేరు, ఏడుగురు, పులస ఆరు ముక్కలు, అన్నీ సరిగ్గా రాసి ఉన్నాయి. తారీఖు మాత్రం ఆ పై ఆదివారానిది. ఫోన్ ఎత్తింది మాకు వడ్డించిన కుర్రాడే. మేం ఊడిపడేసరికి భయపడి యజమానికి చెప్పకుండా, వంటమనిషిని బతిమాలి, ఫ్రీజర్‌లో ఉన్న చేపతో అప్పటికప్పుడు పెట్టించాడు. "ఈ బిల్లు వాడి జీతంలో కోస్తానండి, అప్పుడు గాని బుద్ధి రాదు" అన్నాడు యజమాని. కుర్రాడు వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇరవై కూడా ఉండవు.

శుక్రవారం ఫోన్‌లో నేనన్న మాట నాకు అక్కడే గుర్తొచ్చింది. "వచ్చే ఆదివారం మధ్యాహ్నం" అన్నాను. తారీఖు చెప్పలేదు. మా ఇంట్లో వచ్చే ఆదివారం అంటే ఎల్లుండి వచ్చేదే. ఆ కుర్రాడి లెక్కలో ఎల్లుండిది "ఈ ఆదివారం", ఆ తర్వాతది "వచ్చే ఆదివారం". ఇద్దరిలో ఎవరూ తారీఖు అడగలేదు, చెప్పలేదు. పచ్చి చేప బల్ల మీదికి రావడం ముమ్మాటికీ వాళ్ల తప్పు. కాని ఆ తొందర ఎక్కడ మొదలైందో చూస్తే అందులో నా వంతు కూడా ఉంది. ఆ సంగతి యజమానితో చెప్పాను. చెప్పకుండా బిల్లు కొట్టేయించుకుని వచ్చేసి ఉంటే, ఒక కుర్రాడి జీతంలోంచి ఏడుగురం భోంచేసినవాళ్లం అయ్యేవాళ్లం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది. ఉచితంగా ఏదైనా ఇస్తామన్నప్పుడు అది ఎవరి జేబులోంచి వస్తోందో ఒక్కమాట అడగండి. చాలా హోటళ్లలో విరిగిన గ్లాసు దగ్గర్నుంచి వెనక్కి వచ్చిన ప్లేటు దాకా వడ్డించేవాళ్ల ఖాతాలోనే పడుతుంది. నాన్నగారి హోటల్లోనూ మొదట్లో అలాగే ఉండేదని, ఒక వంటవాడు ఏడ్చాక మానేశానని ఆయనే చెప్పారు.

చివరికి ఇలా తేలింది. తినని అయిదు ముక్కల డబ్బు తీసేయాలి. బావగారు తిన్న ముక్కకి 700, మిగతా వంటలకి 2,300, కలిపి 3,000. జీఎస్టీతో 3,150. తగ్గించిన మొత్తానికి జీఎస్టీ కూడా తగ్గాలి కాబట్టి పాత బిల్లు మీద పెన్నుతో కొట్టేయకుండా కొత్త బిల్లు తీయమన్నాను. కుర్రాడి జీతం కోయకూడదు, అది నేను పెట్టిన ఒకే ఒక్క షరతు. యజమాని కాసేపు ఆలోచించి, మా ముందే కుర్రాణ్ణి పిలిచి, "కోయనులే, డైరీలో తారీఖు అడిగి రాయి" అన్నాడు. ఆ కుర్రాడికి నేను రెండొందలు ఇచ్చాను. బిల్లు తగ్గినప్పుడు టిప్పు కూడా తగ్గించే అలవాటు కొందరికి ఉంది. తిరిగింది, మోసింది, చీవాట్లు తిన్నది మొత్తం ఏడుగురి భోజనానికి కదా.

స్టార్ల సంగతి మేనేజరుకి మర్యాదగానే చెప్పాను, పెట్టనని. డబ్బు తగ్గించినందుకు స్టార్లు పెడితే అది చదివి వచ్చేవాళ్లని మోసం చేయడమే. 2022లో భారత ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసం ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, కొనుక్కున్న రివ్యూలు అందులో కుదరవు. ప్రమాణం సంగతి పక్కన పెట్టినా, రివ్యూ రాసేవాళ్లు తమకి ఏం తగ్గించారో, ఏం ఉచితంగా ఇచ్చారో అందులోనే రాయాలని నా అభిప్రాయం. నేను పైన లెక్కంతా రాసింది అందుకే. అలాగే పరిహారం పుచ్చుకున్నాక ఇంటికొచ్చి ఒక్క స్టారు కొట్టడం కూడా తప్పే. అలా కొట్టాలనుకుంటే పుచ్చుకోకూడదు.

ఒంటికి పడనప్పుడు ఈ మర్యాదలేవీ వర్తించవు. ఆ తిండి తిని వాంతులో విరేచనాలో పట్టుకుంటే గులాబ్‌జామూన్ ఇచ్చి పంపిస్తానంటే ఒప్పుకోకండి. బిల్లు దాచుకోండి, దాని మీద ఫుడ్ లైసెన్స్ నంబరు పద్నాలుగు అంకెలు ఉంటుంది. ఆహార భద్రతా అధికారికి ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు తగాదా అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఆ రాత్రంతా బావగారికి ఏమవుతుందోనని అక్క మేలుకునే ఉంది. ఏమీ కాలేదు.

ఇక కూపను. ముప్పై రోజుల గడువు అన్నాడు కదా, ఆ ముప్పై రోజులూ మాకు శ్రావణమే. నీచు తినని నెలకి చేపల హోటల్ కూపను ఎందుకు? వద్దండీ అన్నాను. అది విని యజమాని నాన్నగారి దగ్గరికి వచ్చి, కుర్చీ పక్కన వంగి, "బాబాయిగారూ, చవితి వెళ్లాక ఒకసారి రండి. పులుసు నేనే పెడతాను. దానికి డబ్బు మాత్రం ఇస్తాననకండి" అన్నాడు. నేను అదీ వద్దనబోయాను. నాన్నగారు "వస్తాం బాబూ" అనేశారు. కారెక్కాక చెప్పారు, "బిల్లు కొట్టేస్తానంటే అది డబ్బు, వద్దనొచ్చురా అబ్బాయ్. వండి పెడతానన్నప్పుడు వద్దంటే వంటవాడి చెయ్యి తోసేసినట్టు." నేను గీసుకున్న లెక్కల్లో ఈ తేడా నాకు తట్టలేదు.

చవితి వెళ్లిన వారం గురువారం నాడు వెళ్లాం. ఈసారి తారీఖు చెప్పాను, అవతల కుర్రాడు దాన్ని మళ్లీ చదివి వినిపించాడు. అక్కా బావగారూ హైదరాబాద్‌లో ఉన్నారు, మేనకోడలు అత్తారింటికి వెళ్లిపోయింది. నేను, మా ఆవిడ, నాన్నగారు, అమ్మ. రద్దీ లేదు. పులుసు ముందురోజు రాత్రే పెట్టాడట. దాకతోనే బల్ల మీదికి తెచ్చాడు. నూనె పైకి తేలి, బెండకాయ మెత్తబడి, ముక్క ముట్టుకుంటే పొరలు పొరలుగా విడిపోయేలా ఉంది. ముళ్లు తీసిపెడతానంటే నాన్నగారు ఒప్పుకోలేదు, తనే తీసుకుని తిన్నారు. మామూలుగా ఏ హోటల్లో తిన్నా ఏదో ఒక వంక చెప్పే మనిషి. ఆ రోజు "ఉప్పు సరిపోయింది" అన్నారు. యజమాని ఆ మాట కోసమే నిలబడ్డట్టు నిలబడి, విని, లోపలికి వెళ్లాడు.

మిగతా వంటలకి 1,050 రూపాయలు అయింది, అది కట్టాం. పులుసుకి డబ్బు కట్టలేదు, కడతామని కూడా అనలేదు. పంచదార తగ్గించిన పాయసం ఒక గిన్నె కుర్రాడు అడక్కుండా తెచ్చిపెట్టాడు, నాన్నగారికి షుగరని వాడికి గుర్తుందట. అదీ తిన్నాం. వద్దనలేదు.

ఈ హోటల్‌కి స్టార్లు వేయాలంటే మొదటి రోజు వంటకి రెండు, తప్పు ఒప్పుకున్న తీరుకి నాలుగు, రెండో రోజు పులుసుకి అయిదు. కలిపి సగటు తీయడం నాకు ఇష్టం లేదు. పులస కావాలంటే అక్కడే కాదు, ఎక్కడైనా తారీఖు, వారం రెండూ చెప్పి, చేప ముందురోజే వండమని అడగండి.

దాకలో మూడు ముక్కలు మిగిలితే యజమాని స్టీలు క్యారేజీలో పెట్టి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్న ఆరింటికి నేను లేచేసరికి నాన్నగారు వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, చద్దన్నంలో ఆ పులుసు కలుపుకుంటున్నారు. క్యారేజీ కడిగి తుడిచి ఉంచమని, అటువైపు ఎవరైనా వెళ్తే దాన్లో మన పెరటి నిమ్మకాయలు వేసి పంపమని అమ్మకి చెబుతున్నారు.